బోర్న్‌విల్ (బర్మింగ్‌హామ్): పెద్దవాళ్లకి ఊరు చూపించే దారి, చిత్తుప్రతి సరిచూడండి

కొత్తబస్తా · శనివారం ఉదయం 9:12

యూనివర్సిటీలో చదివే పిల్లల దగ్గరికి, క్వీన్ ఎలిజబెత్ ఆసుపత్రిలో పనిచేసేవాళ్ల ఇళ్లకి వేసవిలో మనవైపు నుంచి పెద్దవాళ్లు చాలామంది వస్తారు. బోర్న్‌విల్ అంటే క్యాడ్‌బరీ వరల్డ్ టికెట్టు, ఊదారంగు బోర్డు ముందు ఒక ఫోటో, అంతే. ఊరు మాత్రం ఎవరూ చూడరు. అందుకని తెలుగులో ఒక పేజీ కరపత్రం రాస్తున్నాను. ఇది చిత్తు:

1. న్యూ స్ట్రీట్‌లో రైలెక్కి బోర్న్‌విల్‌లో దిగాలి. 2. ఊరికి పేరిచ్చిన బోర్న్‌బ్రూక్ వాగు చూడాలి. 3. పచ్చిక మధ్యలో ఉన్న రెస్ట్ హౌస్‌లో భోంచేసి నడుం వాల్చవచ్చు. 4. తర్వాత సెల్లీ ఓక్ వెళ్లి సెల్లీ మేనర్ చూడాలి. 5. సెల్లీ ఓక్ నుంచి 11సి బస్సులో మళ్లీ బోర్న్‌విల్ రావాలి. 6. ఇది 1879లో క్యాడ్‌బరీ కట్టిన గ్రామం. ఇక్కడ మందు అమ్మరు.

మొహమాటం లేకుండా చెప్పండి.

---

పాతపటం · 9:40

మొహమాటం వద్దన్నారు కాబట్టి: ఆరింటిలో మొదటిది ఒక్కటే నిలబడింది. మిగతా అయిదింటిలోనూ తప్పుంది. ఒక్కొక్కటీ ఒక్కొక్కరు పంచుకుందాం, నేను వాగు తీసుకుంటా.

బోర్న్‌బ్రూక్ వేరే వాగు. అది యూనివర్సిటీ దగ్గర పారేది, ఎడ్జ్‌బాస్టన్‌కీ సెల్లీ ఓక్‌కీ మధ్య. దాని పేరుతోనే విద్యార్థులు ఎక్కువగా అద్దెకుండే బోర్న్‌బ్రూక్ పేట ఉంది. బోర్న్‌విల్‌లో పారేదాన్ని ఉత్తినే ‘ది బోర్న్’ అంటారు. రెండూ చివరికి రియా నదిలోనే కలుస్తాయి: బోర్న్ స్టర్చ్‌లీ దగ్గర, బోర్న్‌బ్రూక్ ఇంకా కిందికి, క్యానన్ హిల్ పార్కు వైపు.

తికమక ఎందుకంటే, క్యాడ్‌బరీ చాక్లెట్ కర్మాగారం కోసం కొన్న చోటుకి కూడా అప్పట్లో బోర్న్‌బ్రూక్ అనే పేరుండేది. చాక్లెట్ అంటే ఫ్రాన్సుదే గొప్ప అనుకునే రోజులు. అందుకని ‘బ్రూక్’ తీసేసి ఫ్రెంచి వాసన తగిలేలా ‘విల్’ చేర్చారు. పాత ఇంగ్లీషులో బోర్న్ అంటేనే వాగు, బ్రూక్ అన్నా వాగే. కాబట్టి బోర్న్‌బ్రూక్ అంటే ‘వాగువాగు’. మన ‘గేటు ద్వారం’, ‘నడి సెంటర్’ లాంటిదన్నమాట.

ఇంకొకటి, నది పేరు రాతలో రియా అని కనిపిస్తుంది గానీ ఇక్కడివాళ్లు ‘రే’ అంటారు. దారి అడగాలంటే రే అనే అడగాలి.

---

పదకొండు_ఏ · 9:58

అయిదో నంబరు నాది. సెల్లీ ఓక్ నుంచి బోర్న్‌విల్‌కి 11ఎ. 11సి ఎక్కితే హార్బోర్న్ వైపు తీసుకుపోతుంది.

గుర్తు పెట్టుకోవడం తేలిక. ఇంగ్లీషులో సి అంటే గడియారం ముల్లు తిరిగే దిక్కు, ఎ అంటే దానికి ఎదురు. బర్మింగ్‌హామ్ పటం మీద గడియారం పెట్టుకోండి. హార్బోర్న్ తొమ్మిది దగ్గర, కాటరిడ్జ్ ఆరు దగ్గర వస్తాయి. హార్బోర్న్, సెల్లీ ఓక్, బోర్న్‌విల్, కాటరిడ్జ్ అన్న వరసలో వెళ్తే తొమ్మిది నుంచి ఆరుకి వస్తున్నాం, అంటే ఎదురు తిరుగుడు. బోర్న్‌విల్‌లో బస్సు లిండెన్ రోడ్డు మీదుగా పోతుంది, పచ్చిక పక్కనే దిగొచ్చు.

పెద్దవాళ్లని బస్సులో ఊరంతా ఒక చుట్టు తిప్పుదామని చాలామందికి ఉంటుంది. 1926 నుంచీ నడుస్తున్న వలయం ఇది, చుట్టు ఇరవయ్యారు మైళ్ల పైచిలుకు. కానీ 2021 నుంచి ఒకే బస్సులో పూర్తి చుట్టు కుదరదు, ఆకాక్స్ గ్రీన్‌లో దిగి మారాలి. పాత బ్లాగులు చూసి వెళ్లినవాళ్లు అక్కడ బిక్కమొహం వేస్తారు.

---

కాలువగట్టు · 10:31

వాగు పేరు సరిచేస్తే సరిపోదు. దాన్ని ఎక్కణ్నుంచి చూడాలో చెప్పాలి, లేకపోతే పెద్దవాళ్లకి అదొక మురిక్కాలవలాగే కనిపిస్తుంది.

స్టేషన్ పక్కనే వర్సెస్టర్ అండ్ బర్మింగ్‌హామ్ కాలువ ఉంది. 1815లో పూర్తయింది. వర్సెస్టర్ నుంచి టార్డెబిగ్ దాకా 58 లాకులు (పడవల్ని మెట్టుమెట్టుగా పైకెక్కించే నీటి తలుపులు) ఎక్కి వస్తుంది. టార్డెబిగ్ పై లాకు దాటాక బర్మింగ్‌హామ్ నడిబొడ్డు దాకా సుమారు 14 మైళ్లు ఒక్క మెట్టు కూడా లేదు, అంతా ఒకటే మట్టం, సముద్రమట్టానికి 453 అడుగులు. మేస్త్రీ చేతిలో రసమట్టం లాంటిది ఈ కాలువ. నేల ఎక్కడ లేచిందో ఎక్కడ కుంగిందో దీని పక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

చూపించే పద్ధతి ఇది. ముందు మేరీ వేల్ రోడ్డు వంతెన మీద నిలబడండి. రైలు పట్టాలు, కాలువ రెండూ మీ కాళ్ల కింద ఉంటాయి. ఇప్పుడు కాలువ గట్టు వెంబడి గానీ స్టేషన్ మీదుగా గానీ బోర్న్‌విల్ లేన్‌కి రండి, రెండు మూడు నిమిషాల నడక. లేన్‌లో నిలబడితే అవే పట్టాలు, అదే కాలువ మీ నెత్తి మీద ఉంటాయి! కాలువ ఒక్క అంగుళం లేవలేదు, నేలే దిగిపోయింది. ఆ దిగుడే బోర్న్ లోయ. లోయకి అడ్డంగా కట్ట పోసి దాని మీద కాలువ పట్టుకుపోయారు. కట్ట కింద నుంచి బాటకి ఒక కన్నం, వాగుకి ఒక తూము వదిలారు. మన మేజరు కాలువల కింద డొంక పోయే యూటీ (అండర్ టన్నెల్) లాగానే.

ఇది చూశాక పడమర వైపు తిరిగితే ఎదురుగా కర్మాగారం. అది అక్కడే ఎందుకు పుట్టిందో ఇక చెప్పక్కర్లేదు.

---

కొత్తబస్తా · 10:44

కొంచెం చెప్పండి గురూగారూ. వాగు నీళ్ల కోసమేనా?

---

కాలువగట్టు · 11:05

నీళ్లు, కాలువ, రైలు, చవక భూమి. నాలుగూ ఒక్కచోట దొరికాయి. స్టేషన్ 1876లో వచ్చింది, అప్పటి పేరు స్టర్చ్‌లీ స్ట్రీట్. క్యాడ్‌బరీ అన్నదమ్ములు రిచర్డ్, జార్జ్ భూమి కొన్నది 1878లో, పధ్నాలుగున్నర ఎకరాలు, నగరానికి దక్షిణాన నాలుగు మైళ్ల దూరంలో పొలాలు. అంటే కర్మాగారం కోసం స్టేషన్ రాలేదు, స్టేషన్ చూసుకుని కర్మాగారం వచ్చింది. 1879లో బ్రిడ్జ్ స్ట్రీట్ నుంచి పని ఇక్కడికి మార్చారు.

కాలువ అలంకారానికి కాదు. స్టాఫర్డ్‌షైర్‌లోని నైటన్‌లో పాలూ పంచదారా కోకో కలిపి ఆరబెట్టిన పొడి (ఇక్కడ ‘క్రంబ్’ అంటారు) పడవల మీద బోర్న్‌విల్‌కి వచ్చేది. ఆఖరి పడవ 1961లో వచ్చింది.

---

పాతపటం · 11:20

దీనితో ఆరో నంబరు సగం తేలిపోయింది. 1879 కర్మాగారం సంవత్సరం, ఊరిది కాదు. అప్పుడు కట్టినవి ముఖ్యమైన పనివాళ్లకి పదహారిళ్లు మాత్రమే. ఊరి కోసం జార్జ్ క్యాడ్‌బరీ 1893లో ఇంకో 120 ఎకరాలు కొన్నాడు. 1895లో ఇళ్లు లేవడం మొదలైంది. ఇళ్ల నమూనాలు గీసిన అలెగ్జాండర్ హార్వీకి అప్పుడు ఇరవయ్యేళ్లు. 1900లో 330 ఎకరాలు, 313 ఇళ్లు కలిపి బోర్న్‌విల్ విలేజ్ ట్రస్టు చేతికి ఇచ్చేశాడు. ‘కంపెనీ క్వార్టర్స్’ అని రాసేస్తారు చాలామంది, అలా రాయకండి. ఇళ్లు కర్మాగారం పనివాళ్లకి మాత్రమే అని మొదటి నుంచీ లేదు, యజమాని కంపెనీ కూడా కాదు.

---

ఓరుగల్లు_పోరడు · 11:52

గ్రామం అనే మాట మీద నాకు పంచాది ఉన్నది అన్నా. గ్రామం అంటే మనోళ్లు పంచాయతి, చెరువు, పొలాలు అనుకుంటరు. గిక్కడ అవేవి లేవు. 1911 దాకా ఈ జాగ నగరంల లేకుండె, వర్సెస్టర్‌షైర్ జిల్లా కింద ఉండె. ఆ ఏడు కింగ్స్ నార్టన్, నార్త్‌ఫీల్డ్ ప్రాంతాలతోని పాటు బర్మింగ్‌హామ్‌ల కలిపిన్రు. అప్పటిసంది నగరంల ఒక భాగమే. బోర్డు మీద విలేజ్ అని రాసుకున్నంత మాత్రాన గ్రామం కాదు.

మన దగ్గర ఒక షావుకారు జాగ కొని, గీతలు గీసి, ఇండ్లు కట్టిచ్చి, నడుమ బడి గుడి పెడితే దాన్ని ఏమంటం? పేట అంటం. కరపత్రంల ‘క్యాడ్‌బరీ పేట’ అని రాయుండ్రి. పెద్దమనుషులకు ఒక్క ముక్కల అర్థమైతది.

---

తలుపుగడియ · 12:10

పేట బాగుంది, నా ఓటు దానికే. కాకపోతే మన పేటల్లో ఇల్లు ఇల్లుని రాసుకుంటూ ఉంటుంది, ఇక్కడ దానికి పూర్తిగా వ్యతిరేకం. ఇల్లు దాని స్థలంలో నాలుగో వంతుకి మించకూడదన్నది మొదటి నియమం. ఎకరానికి ఏడెనిమిది ఇళ్లు. రోడ్లూ పెరళ్లూ పోను మొత్తం భూమిలో పదో వంతు పార్కులకి వదలాలన్నది రెండోది. ఇంటి వెనక కూరగాయల మళ్లు, పెరటి చివర పళ్ల చెట్ల వరస. ఆ చెట్లు వెనకింటివాళ్లకీ మనకీ మధ్య తెర.

నడిచేటప్పుడు చూపించాల్సింది ఇది: వరసగా నాలుగిళ్లు చూడండి, ఒక్కదానికీ మరోదానికీ పోలిక లేకుండా చేశాడు హార్వీ. ఒకదానికి వసారా, ఒకదానికి ముందుకి పొడుచుకొచ్చిన కిటికీ, ఒకదానికి పైకప్పు మొదటి అంతస్తు దాకా దిగిపోయి ఉంటుంది. లోపలి కొలతలు మాత్రం ఇంచుమించు ఒకటే. తొలి ఇళ్లలో స్నానాల గది విడిగా ఉండేది కాదు. వంటింట్లోనే నేలలో తొట్టి దించి, పైన చెక్క మూత వేసేవారు. కొన్నింట్లో తొట్టిని అలమరలోకి నిలువుగా మడిచేసేవారు.

ఇక్కడ ఇల్లు కొనేవాళ్లకి ఒక మాట, కరపత్రానికి సంబంధం లేకపోయినా. ఇంటి బయటి రూపానికి సంబంధించి ఏది మార్చాలన్నా ట్రస్టు అనుమతి కావాలి: కిటికీలు, తలుపు, వెనక గది, ముందు పెరట్లో కారు నిలిపే చప్టా, పెద్ద చెట్టు కొట్టడం, చివరికి కంచె చెట్లు పీకడం కూడా. నగరపాలక సంస్థ ఇచ్చే అనుమతి వేరు, ఇది వేరు. ఒకటి వచ్చింది కదాని రెండోది అడగకుండా పని మొదలుపెట్టడం దగ్గరే చిక్కొస్తుంది. కొన్నాక తెలుసుకునే కంటే కొనేముందే లాయరుని ఏటా కట్టాల్సిన నిర్వహణ రుసుము ఎంతో, వెనకటి యజమాని చేసిన మార్పులకి కాగితాలున్నాయో లేవో అడగమనండి.

---

పదకొండు_ఏ · 12:24

మందు సంగతి ఎవరూ ముట్టుకోలేదు.

---

పాతపటం · 12:41

క్యాడ్‌బరీలు క్వేకర్లు (క్రైస్తవుల్లో ఒక శాఖ), మద్యానికి వ్యతిరేకులు. పేటలో పబ్బు పెట్టనివ్వలేదు, ఇప్పటికీ లేదు. ‘మందు అమ్మరు’ అన్న వాక్యం మాత్రం ఇప్పుడు చెల్లదు. 2015లో మేరీ వేల్ రోడ్డు మీది ఒక చిన్న కొట్టుకి లైసెన్సు ఇచ్చారు, నూరేళ్ల పైబడ్డ అలవాటు అని అప్పట్లో పెద్ద గొడవే జరిగింది. ‘పబ్బు లేదు’ అని రాస్తే చాలు. హద్దు దాటితే, అంటే కాలువ కింద నుంచి అవతలికి నడిచి స్టర్చ్‌లీలో పర్షోర్ రోడ్డు ఎక్కితే, కావలసినన్ని.

---

కోనసీమ_కోకో · 1:15

వాసన గురించి ఒక్క ముక్క అయినా ఉండాలండి. స్టేషన్‌లో దిగగానే అందరూ ముక్కు ఎగబీలుస్తారు. కొన్ని రోజులు గుప్పుమంటుంది, కొన్ని రోజులు ఏమీ ఉండదు. ఈ దేశంలో గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది, అందుకని కర్మాగారానికి తూర్పు, ఈశాన్యాల్లో ఉన్న స్టేషనుకీ స్టర్చ్‌లీకీ వాసన దక్కుతుంది, పచ్చిక వైపు తక్కువ. గింజలు ఇక్కడ వేయించరు, ఆ పని వేల్స్‌లోని చర్క్‌లో. పాల పొడి ముద్ద హెర్ఫర్డ్‌షైర్‌లోని మార్ల్‌బ్రూక్‌లో. ఇక్కడ వచ్చేది కరిగించి రుబ్బే చాక్లెట్ కమ్మదనం, వేపుడు ఘాటు కాదు.

మనవాళ్లకి చెప్పడానికి ఇంకో రెండు. బోర్న్‌వీటాలో ‘బోర్న్’ ఈ వాగుదే. డబ్బా మీద పేరు అరవయ్యేళ్లుగా చదువుతున్నవాళ్లు ఆ వాగుగట్టున నిలబడటం చిన్న సంగతేం కాదు. రెండోది, ఇదే కంపెనీ (2010లో క్రాఫ్ట్ కొంది, 2012 నుంచి మాండలీజ్) 2016లో మన శ్రీసిటీలో కర్మాగారం తెరిచింది. గోదావరి జిల్లాల్లో కొబ్బరి నీడన, పామాయిల్ తోటల్లో వేసే కోకో గింజ గురించి పెద్దవాళ్లకి మనకంటే ఎక్కువే తెలుసు. కాయ చూసినవాళ్లకి కర్మాగారం చూపిస్తున్నాం, ఆ వరసలో చెప్పండి.

---

కొత్తబస్తా · 1:32

బోర్న్‌వీటా మొదటి వాక్యం అయిపోయింది. మరి రెస్ట్ హౌస్‌లో భోజనం తప్పెలా అయింది?

---

పాతపటం · 1:50

😀 రెస్ట్ హౌస్ అంటే మనకి ట్రావెలర్స్ బంగళా గుర్తొస్తుంది. నడుం వాల్చే మంచం అక్కడ లేదు. అది పచ్చిక మధ్యలో ఎనిమిది మూలల చిన్న మండపం. జార్జ్, ఎలిజబెత్ దంపతుల పెళ్లయి పాతికేళ్లయిన సందర్భంగా కర్మాగారం ఉద్యోగులు చందాలేసుకుని కట్టించారు, 1914లో తెరిచారు. నమూనా సోమర్‌సెట్‌లోని డన్‌స్టర్ నూలు సంత మండపం, అది 1609 నాటిది. కరపత్రంలో ‘మండపం’ అని రాయండి. పులిహోర డబ్బా విప్పేందుకు పచ్చిక అంచున బెంచీలున్నాయి. కొనుక్కోవాలంటే సైకమోర్ రోడ్డు మీద కొట్ల వరస ఎదురుగానే ఉంది.

సెల్లీ మేనర్ కోసం సెల్లీ ఓక్ వెళ్లక్కర్లేదు. ఆ ఇల్లే సెల్లీ ఓక్ నుంచి నడిచి వచ్చింది. అక్కడ బోర్న్‌బ్రూక్ రోడ్డులో పాడుబడుతుంటే 1907లో జార్జ్ క్యాడ్‌బరీ కొన్నాడు. దూలం దూలం విప్పి, మైలు దూరం మోసుకొచ్చి, 1916కల్లా మేపుల్ రోడ్డు మూలన మళ్లీ నిలబెట్టారు. మరుసటి ఏడు మ్యూజియంగా తెరిచారు. ఇంటి ప్రస్తావన రికార్డుల్లో 1476 నుంచి ఉంది. పచ్చిక నుంచి రెండు నిమిషాలు. సెల్లీ ఓక్‌లో దిగి వెతికేవాళ్లు ప్రతి వేసవిలో కనబడతారు, పేరే అలాంటిది.

ఆవరణలోనే పక్కన మిన్‌వర్త్ గ్రీవ్స్ అని ఇంకో ఇల్లుంది. చాలామంది తొంగి చూసి వచ్చేస్తారు గానీ, వడ్రంగం తెలిసినవాళ్లు ఉంటే ముందు దాంట్లోకే తీసుకెళ్లండి. నిట్రాళ్లు లేవు. వంపు తిరిగిన పెద్ద మాను తెచ్చి నిలువునా రెండుగా చీల్చి, ఆ రెండు బద్దల్నీ ఎదురెదురుగా నేల నుంచి కొప్పు దాకా ఆనించారు. చేతులెత్తి నమస్కారం పెట్టినట్టు ఉంటుంది. ఇంటి బరువంతా ఆ జంట మీదే, గోడలు ఉత్తి తెరలు.

జాగ్రత్త: సెల్లీ మేనర్‌లో గుమ్మాలు పొట్టి, మెట్లు నిటారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింది గది చూసి తోటలో కూర్చోవడం మేలు. తెరిచి ఉండే రోజులు కాలాన్ని బట్టి మారతాయి, బయల్దేరేముందు చూసుకోవాలి.

---

ఓరుగల్లు_పోరడు · 2:05

గంటల గోపురం మర్చిపోయిన్రా? బడి మీద ఉన్న గంటలు. వాటంతట అవే మోగుతయి, మిషిన్ పెట్టిన్రు.

---

కాలువగట్టు · 2:18

మిషిన్ కాదు తమ్ముడూ, మనిషి. గోపురంలో కూర్చుని పిడికిళ్లతో కర్ర మీటలు కొడతారు, పెద్ద గంటలకి కాళ్లతో తొక్కుతారు. మీట నుంచి గంట నాలుక దాకా తీగ. ఎంత గట్టిగా గుద్దితే అంత గట్టిగా మోగుతుంది, అందుకే రాగంలో ఎక్కుతగ్గులు వినిపిస్తాయి.

1906లో 22 గంటలతో మొదలుపెట్టి తర్వాత పెంచుకుంటూ పోయారు, ఇప్పుడు 48. అన్నిటికంటే పెద్దది మూడు టన్నుల పైనే. జార్జ్ క్యాడ్‌బరీ బెల్జియంలోని బ్రూజ్‌లో విని వచ్చి పెట్టించాడు. కచేరీలు సాధారణంగా శనివారం, 12కి, 3కి. గోపురం కింద నిలబడితే ఏమీ తెలియదు, చిన్న గంటలు పెద్ద గంటల్లో మునిగిపోతాయి. పచ్చికకి అవతలి అంచున, కొట్ల వరస దగ్గర నిలబడి వినాలి. లిండెన్ రోడ్డు మీద బస్సు పోతున్నప్పుడు కాసేపు ఓర్చుకోవాలి.

---

ఓరుగల్లు_పోరడు · 2:21

సరే అన్నా, ఒప్పుకున్న. శనివారమే పెట్టుండ్రి మరి నడక.

---

కొత్తబస్తా · 2:50

వుడ్‌బ్రూక్ పెట్టనా? 1931లో గాంధీగారు వచ్చిన ఇల్లు కదా. పెద్దవాళ్లు అడిగేది అదే.

---

పాతపటం · 3:11

వచ్చింది నిజమే. రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వచ్చినప్పుడు, ఆ అక్టోబరులో. అది అంతకుముందు జార్జ్ క్యాడ్‌బరీ కాపురమున్న ఇల్లు, 1903 నుంచి క్వేకర్ల విద్యాకేంద్రం. కానీ 2023లో ఆ కేంద్రం అక్కడ మూతపడింది. బ్రిస్టల్ రోడ్డు మీద పెద్ద ట్రాఫిక్ పక్కన గేటు చూసి రావడమే అవుతుంది, పచ్చిక నుంచి పాతిక నిమిషాలు నడిచి. కరపత్రంలో ఒక వాక్యం రాయండి, నడకలో మాత్రం వద్దు.

---

తలుపుగడియ · 3:20

నేను ఒప్పుకోను. గేటు అయినా చూస్తాం అంటారు మావైపువాళ్లు. ఓపిక ఉన్నవాళ్లకి వేరే కొమ్మగా పెట్టండి: బోర్న్‌విల్ పార్కులో దిగి, వాగుకి ఎదురు నడుస్తూ వ్యాలీ పార్క్‌వే పట్టుకుని పడవల కొలను దాకా. 1930లలో ఆ కొలను తవ్వింది పనిలేక ఖాళీగా ఉన్న కార్మికులు. చిన్న నమూనా తెరచాప పడవలు వదులుతుంటారు. అక్కణ్నుంచి వుడ్‌బ్రూక్ వైపు వెళ్లడం దగ్గర. ఓపిక లేనివాళ్లు కొలను దగ్గర బాతుల్ని చూస్తూ కూర్చుంటారు.

వాన పడిన మర్నాడు మాత్రం సిమెంటు బాట వదిలి గడ్డిలోకి దిగనివ్వకండి. కింద ఎర్ర బంకమన్ను, నీళ్లు ఇంకవు. చెప్పులకి అంటితే వదలదు.

---

పదకొండు_ఏ · 3:34

దిగేచోటు గురించి రెండు హెచ్చరికలు కరపత్రం పైనే పెట్టండి. బోర్న్‌విల్ కాలేజీ అని కొట్టి వచ్చేవాళ్లున్నారు, అది 2011 నుంచి లాంగ్‌బ్రిడ్జ్‌లో ఉంది, ఇదే రైలు మార్గంలో ఇంకా మూడు స్టేషన్లు అవతల. కారులో వచ్చేవాళ్లు ఉత్తి ‘బోర్న్‌విల్’ అని కొట్టకూడదు, సముద్రం ఒడ్డున వెస్టన్-సూపర్-మేర్‌లో కూడా ఒక బోర్న్‌విల్ ఉంది. పిన్‌కోడ్‌లో బి30 చూసుకోవాలి.

రైలుకి వరస: న్యూ స్ట్రీట్, ఫైవ్ వేస్, యూనివర్సిటీ, సెల్లీ ఓక్, బోర్న్‌విల్. నాలుగో ఆగుడు. రెడిచ్ గానీ బ్రామ్స్‌గ్రోవ్ గానీ పోయే క్రాస్-సిటీ బండి ఎక్కాలి. స్టేషన్ ఊదారంగులో ఉంటుంది కాబట్టి దాటిపోయే భయం లేదు. యూనివర్సిటీలో ఉండేవాళ్లు రైలు లేకుండా కాలువ గట్టు మీదే రావచ్చు, రెండు మైళ్లు, కాలువగట్టు గారు చెప్పినట్టు ఎక్కుడు దిగుడు లేదు. వెనక సైకిల్ గంట వినపడితే గోడ వైపు తప్పుకోవాలి, నీళ్ల వైపు కాదు.

---

కాలువగట్టు · 3:47

కర్మాగారం ఎదుట మైదానం కూడా చెప్పాలి. బోర్న్‌విల్ లేన్‌కి ఒక పక్క మగవాళ్ల ఆటస్థలం, రెండో పక్క ఆడవాళ్ల తోట. పని చేసే అమ్మాయిలు రోడ్డు దాటకుండా తోటలోకి వెళ్లడానికి లేన్ కింద నుంచి సొరంగం తవ్వించారు. క్రికెట్ జరుగుతుంటే అరగంట ఊరికే గడిచిపోతుంది, వెనకాల ఎర్ర ఇటుక కర్మాగారం.

---

కొత్తబస్తా · 5:26

మార్చాను. శనివారం నడక, రెండో ప్రతి:

బోర్న్‌వీటాలో ‘బోర్న్’ ఈ వాగు పేరు. ఉదయం పదిన్నరకల్లా బోర్న్‌విల్ స్టేషన్. ముందు మేరీ వేల్ రోడ్డు వంతెన (కాలువ కింద), తర్వాత బోర్న్‌విల్ లేన్ (కాలువ పైన). లేన్ వెంబడి పడమరకి, మైదానం, కర్మాగారం చూస్తూ పచ్చికకి. 12కి గంటలు, వినాల్సింది కొట్ల వరస దగ్గర. మండపం పక్క బెంచీల మీద భోజనం. సెల్లీ మేనర్, మిన్‌వర్త్ గ్రీవ్స్. ఓపిక ఉంటే పార్కు, వాగు, పడవల కొలను. తిరుగు ప్రయాణం లిండెన్ రోడ్డు మీద 11సి ఎక్కి సెల్లీ ఓక్ స్టేషన్‌కి.

ఈసారి 11సి సరైనదే కదా?

---

పదకొండు_ఏ · 5:40

సరైనదే, కాటరిడ్జ్ నుంచి సెల్లీ ఓక్ వైపు పోయేది అదే. కానీ 11ఎ ఆగే చోటుకి ఎదురు వైపు నిలబడాలి, అది కూడా రాయండి. ఒక్కొక్కరికి చెప్పడం కంటే మేలు.

---

తలుపుగడియ · 5:52

చలికాలానికి ఇదే కాగితం వాడకండి. డిసెంబరులో నాలుగు కాకుండానే పొద్దు గుంకుతుంది, మధ్యాహ్నం 3 గంటల కచేరీ విని పార్కులోకి దిగితే కొలను దగ్గరికి చేరేసరికి చీకటి. అప్పుడు పార్కు ముందు, గంటలు తర్వాత.